రోగి మూట

మనుష్యుడు వ్యాధిగ్రస్తుడై చికిత్సాలయము చేరినప్పుడు అతనితో కూడ ఒక మూటయో, చిన్న పెట్టెయో వచ్చును. అందులో రెండు జతల బట్టలు, ఒక దువ్వెన, కంటియద్దములు, కొంత రొక్కము, ఒక దేవుని పటము, ఇంటివారి ఛాయాచిత్రము, ఒకటి రెండు పాత ఉత్తరములు ఉండును. వెలకట్టి చూచిన అది యేమంత సొత్తు కాదు. అయినను ఇల్లు విడిచి వచ్చినవానికి ఇల్లనునది ఇక ఆ మూటయందే మిగిలియున్నది. వైద్యుడు నాడి చూడక మున్నే, మందు పేరు వ్రాయక మున్నే, చికిత్సాలయమువారు మొట్టమొదట చేయు పని ఆ మూటను చేతికి తీసికొనుట.

జ్వరమునకో, విరిగిన యెముకకో చికిత్స పొందవచ్చినవాడు కొన్ని దినములలో తన మూట తాను తీసికొని పోవును. అడుగుటకు అతనికి నోరున్నది. అతని మాట నమ్ముటకు ఎదుటివారికి మనసున్నది. చిత్తవ్యాధిగ్రస్తుని సంగతి అట్టిది కాదు. ఈ వస్తువు నాదని అతడు చెప్పినను, కాదని ఒక పరిచారకుడు చెప్పినచో పరిచారకుని మాటయే చెల్లును. కావున చికిత్సాలయములు రోగుల సొత్తును ఎట్లు చూచినవో తెలుపు చరిత్రము, ఆ రోగులను మనుష్యులుగా ఎంతవరకు చూచినవో తెలుపు చరిత్రము కూడ నగును. ఆ చరిత్రమునుండి కొన్ని ఘట్టములను చదువరుల ముందుంచుట ఈ వ్యాసోద్దేశము.

ఇంగ్లండు దేశమున పదునెనిమిదవ శతాబ్దియందు ఉన్మాదులను ఇంట నుంచుకొనుట ఒక వ్యాపారమై యుండెను. ధనము పుచ్చుకొని రోగులను బంధించియుంచు గృహములపై అజమాయిషీ చేయు అధికారి యెవడును లేడు. భార్యను వదలించుకొనగోరు భర్తలును, ఆస్తికి ఆశపడు బంధువులును ఈ గృహములను సాధనములుగా చేసికొనుచున్నారను అపవాదు దేశమంతట వ్యాపించిన పిమ్మట, 1774లో పార్లమెంటు ఒక శాసనము గావించెను. దానిచే ఇట్టి గృహములకు లైసెన్సు అవసరమయ్యెను. ఏటేట తనిఖీ ఏర్పడెను. వైద్యుడు వ్రాసియిచ్చిన పత్రము లేక సొమ్ము చెల్లించు రోగిని చేర్చుకొనుట నేరమయ్యెను. ఆ కాలమునకు ఇది గొప్ప సంస్కారమే. అయితే ఆ శాసనము యొక్క చూపు గడపపై నిలిచినది. ఎవరు లోపలికి పోవుచున్నారని అడిగినది. పోయినవారు లోపల ఏమి ధరించుచున్నారు, వారి వెంట వచ్చినదేమాయెను అను ప్రశ్నలు ఇంకను చాలకాలము వేచియుండవలసివచ్చెను.

ఆ ప్రశ్నలకు మొదట సమాధానము చెప్పినది ప్రభుత్వము కాదు, ఒక వర్తకుడు. యార్కు నగరమందలి ఉన్మాదశాలలో 1790లో హన్నా మిల్సు అను క్వేకరు మతస్థురాలు చేరిన కొలది వారములకే మరణించెను. ఆమెను చూడబోయిన ఆప్తులను అధికారులు లోనికి రానీయలేదు. ఈ వార్త విని చలించిన విలియము ట్యూకు అను తేయాకు వర్తకుడు తన మతస్థుల సాయముతో 1796లో ఆ నగరమునకే చేరువను ‘రిట్రీటు’ అను చికిత్సాగృహమును తెరపించెను. అతని మనుమడు శామ్యూలు ట్యూకు 1813లో ఆ గృహ విధానములను వర్ణించుచు ఒక గ్రంథమును ప్రకటించెను. అందు ఒక చిన్న విషయము మనము గమనింపదగియున్నది. గృహ పర్యవేక్షకురాలు అప్పుడప్పుడు రోగులను తేనీటి విందునకు పిలుచుచుండెడిది. ఆ విందునకు రోగులు తమకున్న బట్టలలో మేలైనవి కట్టుకొని వచ్చి, ఒకరిని మించి యొకరు మర్యాదగా ప్రవర్తించుచుండిరట.

ఈ ఆచారము చూచుటకు అల్పము. కాని అది జరుగవలెనన్న ఆ మేలైన బట్టలు ఆ గృహమునందే ఉండవలయును గదా! అవి ఎవరివో గుర్తుండవలయును. అడిగిన వెంటనే చేతికి రావలయును. కట్టుకొనుటకు రోగి తగినవాడని యజమానురాలు నమ్మవలయును. గొలుసులతో బంధించుట తప్ప వేరు మార్గము తెలియని కాలమున, ఒక ఉతికిన అంగీని నమ్మి ఇచ్చుట కూడ ఒక చికిత్స యని ట్యూకు కుటుంబమువారు కనుగొనిరి. అద్దమున తన్ను తాను మునుపటివలె చూచుకొన్నవానికి మునుపటివలె నడచుకొనవలెనను కోరిక పుట్టుట సహజము.

సొత్తు విషయమున స్త్రీల దుర్గతి మరియొక విధమైనది. అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున ఎలిజబెత్తు ప్యాకర్డు అను గృహిణి తన భర్తతో మతవిషయములందు ఏకీభవింపలేదు. ఆయన క్రైస్తవ మతాచార్యుడు. ఆ రాష్ట్రపు శాసనము భార్యను విచారణ లేకయే ఉన్మాదశాలకు పంపు అధికారమును భర్త కిచ్చియుండెను. 1860లో ఆమెను జాక్సన్విల్లునందలి ఆలయమున చేర్చిరి. మూడేండ్లు ఆమె అచట నుండెను. చూచినదెల్ల రహస్యముగా వ్రాసి దాచుకొనెను. 1864లో న్యాయస్థానమున జరిగిన విచారణయందు జూరీ కొన్ని నిమిషములలోనే ఆమెకు మతి చలింపలేదని తీర్పు చెప్పెను. ఆమె గెలిచినది, ఇల్లు చేరినది. చేరునప్పటికి భర్త ఆ యింటిని వేరొకరికి అద్దెకిచ్చి, ఆమె ధనమును, బట్టలను, బిడ్డలను వెంటబెట్టుకొని రాష్ట్రము విడిచి పోయియుండెను. వివాహిత స్త్రీ ధనము భర్తదేయను నాటి న్యాయమునుబట్టి ఆమెకు మొరపెట్టుకొనుటకు చోటు లేదాయెను.

బుద్ధి సరిగానున్నదని నిరూపించుకొన్న స్త్రీకే తన చీరపై తనకు హక్కు లేకపోయినచో, నిరూపించుకొనలేని స్త్రీ మాట చెప్పవలెనా? ప్యాకర్డు అంతటితో నిరాశ చెందక శాసనసభల ముంగిళ్లకు తిరిగెను. ఆమె ప్రయత్నమున 1867లో ఇల్లినాయి రాష్ట్రమున జూరీ విచారణ లేక యెవరిని ఉన్మాదశాలకు పంపరాదను శాసనము వచ్చెను. 1872లో అయోవా రాష్ట్రము రోగుల ఉత్తర ప్రత్యుత్తరములకు రక్షణ కల్పించెను. ఉత్తరము కూడ రోగి సొత్తేయని, అన్ని సొత్తులలోను విలువైనదని ఆమె అనుభవముచే నెరిగినది.

1887లో నెల్లీ బ్లై అను పత్రికా విలేకరి న్యూయార్కు నగరపు బ్లాక్వెల్సు ద్వీపమందలి స్త్రీల ఉన్మాదశాల స్థితి తెలిసికొనుటకై మతి చెడినదానివలె నటించి అచట పది దినములుండెను. చేరిన రాత్రియే చన్నీటి స్నానము చేయించి, ఆమె బట్టలు తీసికొని, ఆలయము పేరును వార్డు అంకెయు నల్లని యక్షరములతో ముద్రించిన దుస్తు ఇచ్చిరి. ఆమె తనతో ఒక పుస్తకమును, ఒక పెన్సిలును తెచ్చుకొన్నది. వానిని తిరిగి యిమ్మని కోరగా ఇయ్యలేదు. మరల వైద్యుని అడుగగా, నీవు పుస్తకము మాత్రమే తెచ్చితివి, పెన్సిలు తేలేదని పరిచారిక చెప్పుచున్నదని ఆయన బదులు చెప్పెను. తెచ్చితినని ఆమె పట్టుపట్టగా, ఇట్టి భ్రమలకు లోబడక మనసును నిగ్రహించుకొమ్మని హితము చెప్పిరి.

చదువరులు ఈ సంఘటనను జాగ్రత్తగా విచారింపవలయును. పెన్సిలు వెల కాసులలోనిది. కాని అది కనబడకపోవుటతో ఆగక, అది ఉండెననుటయే రోగలక్షణమయ్యెను. దొంగిలింపబడిన వస్తువుకంటె దొంగిలింపబడిన నమ్మకము పెద్దది. చేరునాడు ఒక చీటిమీద ‘పుస్తకము ఒకటి, పెన్సిలు ఒకటి’ అని వ్రాసి ఇరుపక్షముల చేవ్రాళ్లు తీసికొనియున్నచో, ఆ వైద్యుడు ఆరోగ్యవంతురాలికి భ్రమయని చెప్పు అవివేకమునుండి తప్పించుకొనియుండును. జాబితా యనునది రోగికి మాత్రమే రక్షకము కాదు. నిజాయితీగల పరిచారకునికిని, వైద్యుని తీర్పునకును అది రక్షకము.

ఇక ఈ చరిత్రమున అన్నిటికంటె హృదయవిదారకమైన ఘట్టమునకు వత్తము. న్యూయార్కు రాష్ట్రమున సెనెకా యను సరస్సు ఒడ్డున విలర్డు అను గొప్ప ఉన్మాదాలయము 1869లో తెరవబడెను. బీదల సత్రములలో చీకటి కొట్లయందు పడియున్న ఉన్మాదుల దురవస్థను పరిశీలించి ప్రభుత్వమునకు నివేదించిన సిల్వెస్టరు విలర్డు అను వైద్యుని పేరు దానికి పెట్టిరి. అనగా అది దయచే పుట్టిన సంస్థ. తెరచిన దినమున మొదటి రోగి యైన స్త్రీని చేతులకు సంకెళ్లతోనే పడవనుండి దింపిరి. ఆమె అంతకుముందు పదియేండ్లు ఒక సత్రపు కొట్టులో బంధింపబడియుండెను. ఇట్టివారికి నీడ యొసగుటకై నిలిచిన ఆలయము 1995 వరకు నడచెను. ఈ మధ్యకాలమున 50 వేలమందికి పైగా రోగులు అందు ప్రవేశించిరి. వారిలో ఇంచుమించు సగముమంది అచటనే కన్నుమూసిరి.

1995లో ఆలయము మూసివేయుచున్న సమయమున, భవనములను పరిశీలించుచున్న ఉద్యోగులు ఒక అటక తలుపు తెరచిరి. లోపల కొయ్య అరలపై, పావురముల రెట్టల నడుమ, 400కు పైగా పెట్టెలు వరుసలు తీరియుండెను. తోలుపెట్టెలు, ట్రంకుపెట్టెలు, బుట్టలు, మూటలు. పురుషులవి ఒక వైపున, స్త్రీలవి వేరొక వైపున. అక్షరక్రమముగా, పేరు చీటీలతో. 1910 మొదలు 1960 దశకము వరకు చేరిన రోగుల సామానులవి. రోగి చేరినప్పుడు పెట్టె తీసికొని పైన పెట్టిరి. రోగి తిరిగి పోలేదు. పెట్టె దిగి రాలేదు.

ఆ పెట్టెలలో ఏమున్నది? బట్టలు, పాదరక్షలు, కుట్టుపని సామగ్రి, ప్రార్థన పుస్తకములు, గడియారములు, కుటుంబ చిత్రములు, ఉత్తరములు. స్కాట్లండులో పెరిగి అమెరికా చేరిన ఒక నర్సు 1941లో విలర్డునకు వచ్చెను. ఆమె సంసారమంతయు 18 పెట్టెలు, డబ్బాలుగా అచట చేరెను. ఆమె మూడు దశాబ్దములకు పైగా ఆ ఆలయముననే యుండి 1973లో మరణించెను. ఒక ఉక్రేను దేశస్థుని పెట్టెలో పెండ్లినాటి ఛాయాచిత్రమున్నది. యుద్ధమున ఇల్లు వాకిలి విడిచి సముద్రము దాటి వచ్చినవాడతడు. ఆ చిత్రమందలి భార్య కొత్త దేశమున చనిపోయిన పిమ్మట అతని మనసు చెదరినది. ఆలయమువారి కాగితములలో అతని లక్షణములు వ్రాయబడియున్నవి. అతని దుఃఖము పెట్టెలో నున్నది. కాగితము క్రింది గదిలో, పెట్టె పైయటకలో. రెంటిని ఒకచోట పెట్టి చూడవలెనని యెవరికిని తోచలేదు.

ఆ పెట్టెలను న్యూయార్కు రాష్ట్రపు మ్యూజియము స్వీకరించి భద్రపరచెను. డార్బీ పెన్నీ, పీటరు స్టాస్ట్నీ అను ఇరువురు ఆ పెట్టెలను రోగుల పత్రములతో పోల్చి పరిశోధించిరి. 2004లో ఆల్బనీ నగరమున ఒక ప్రదర్శనము జరిగెను. 2008లో వారి గ్రంథము వెలువడెను. రోగుల రహస్యములను కాపాడు శాసనమునుబట్టి ఆ గ్రంథమున వారి ఇంటిపేర్లు మార్చవలసివచ్చెను. ఆలయపు శ్మశానమున 5,700కు పైగా సమాధులున్నవి. వానిపై పేర్లు లేవు, అంకెలు మాత్రమే కలవు. బ్రతికినంతకాలము పేరు పెట్టెమీది చీటికి పరిమితమై, చనిపోయిన పిమ్మట అంకెయైపోయెను.

ఇందు ఒక విచిత్రమున్నది. విలర్డు ఉద్యోగులు దొంగలు కారు. వారు పెట్టెలను అమ్ముకొనలేదు, తగులబెట్టలేదు. తరములు మారినను అరలు చెదరలేదు. భద్రపరచుట యను విధిని వారు లోపము లేక నెరవేర్చిరని చెప్పవచ్చును. లోపించినది వేరొకటి. సొత్తును కాచుట సగము ధర్మము. కాచిన దానిని సొంతదారునికి అందుబాటున నుంచుట రెండవ సగము. మొదటి సగము గుమాస్తా చేయగలడు. రెండవ సగమునకు, ఈ రోగి యొకనాడు ఇల్లు చేరునను నమ్మకము కావలయును. విలర్డులో చీటీలకు కొదువ లేదు. ఆ నమ్మకమునకే కొదువ.

దీనికి ప్రతిగా చికిత్సాలయమువారు చెప్పు మాటలను కూడ న్యాయముగా వినవలయును. చిత్తవ్యాధిగ్రస్తుడు తన ప్రాణము తాను తీసికొనుటకు యత్నింపవచ్చును. అతనికి మొలత్రాడును, బెల్టును, క్షురకత్తియు ప్రమాదకరములు. మద్యపానము మాన్పించు చికిత్సాగృహమున మూటలో సీసాయో, మాత్రలో దాగియుండవచ్చును. నలుబదిమంది నిద్రించు వార్డులో బంగారు గొలుసు ధరించినవారికి రాత్రి భయమే. కావున మూట విప్పి చూచుట అవసరమే. విప్పి చూచుట తప్పు కాదు. రోగి యెదుట కాక చాటున విప్పుట తప్పు. ప్రమాదకరమైనది తీసివేయుట తప్పు కాదు. దానితోబాటు కంటియద్దములు, కట్టుడుపండ్లు, తల్లి ఛాయాచిత్రము కూడ తీసివేయుట తప్పు. కంటియద్దములు లేనివాడు ఎదుటివారిని గుర్తింపకున్నచో అది మతిభ్రమ కాదు గదా!

ఎర్వింగు గాఫ్మను అను సంఘశాస్త్రజ్ఞుడు 1955-56లో వాషింగ్టను నగరమందలి సెయింటు ఎలిజబెత్సు ఆసుపత్రిలో నుండి రోగుల నిత్యజీవితమును పరిశీలించి, 1961లో తన గ్రంథమును ప్రకటించెను. చేరునాడు బట్టలు, సొమ్ములు, అలంకార వస్తువులు తీసివేయుటచే మనుష్యునికి తన్ను గూర్చి గల భావమే ఊడిపోవునని అతడు చెప్పెను. అతడు చూపిన మరియొక విషయము మిక్కిలి ఉపయుక్తమైనది. రోగులు జేబులనిండ, సంచులనిండ ఏవేవో నింపుకొని రోజంతయు మోయుచు తిరుగుచుందురు. చూచువారు దీనిని వెర్రి యందురు. కాని తాళము గల చిన్న అరయైనను లేనిచోట, క్రింద పెట్టిన వస్తువు మరల కనబడనిచోట, వెంట మోసికొని తిరుగుట వివేకమే గాని వెర్రి కాదు. అర లేని లోపము రోగి నెత్తిన పడి రోగలక్షణమయ్యెను.

మన దేశమునకు వత్తము. చెన్నపురిలో 1794లోనే వాలెంటైను కనోలి అను వైద్యుడు ఉన్మాదశాల నొకదానిని నడపెను; 1871లో కీల్పాకమున పెద్ద ఆలయమేర్పడెను. తెలుగు జిల్లాలు నాడు ఆ రాజధానిలోనివే. 1912 నాటి ఉన్మాద శాసనము మన ఆలయములను చాలకాలము పాలించెను. ఆ శాసనపు ముఖ్య చింత రోగిని బంధించుట, విడుచుట; అతని ఆస్తికి పాలకుని నియమించుట. భూములకు పాలకుడు దొరకెను, దువ్వెనకు దొరకలేదు. 1987 నాటి శాసనము చికిత్సాలయములకు లైసెన్సు విధించి, రోగిని అవమానింపరాదని, అతని ఉత్తరములను సామాన్యముగా ఆపరాదని చెప్పెను. 2017లో చేయబడి 2018 మే నెలనుండి అమలునకు వచ్చిన మానసికారోగ్య సంరక్షణ శాసనము ఇంకను ముందునకు పోయి, రోగి కోరినచో తన సొంత బట్టలే ధరింపవచ్చుననియు, ఆలయపు యూనిఫారమును బలవంతము చేయరాదనియు, తల గొరిగించుట నిర్బంధము కారాదనియు, స్త్రీలకు నెలసరి సమయమున కావలసిన వస్తువు లందవలెననియు విధించెను. ఉత్తరములును, టెలిఫోను సంభాషణయు రోగి హక్కులని చాటెను. యార్కు తేనీటి విందునుండి ఈ శాసనమునకు 200 సంవత్సరములకు పైగా పట్టినది.

నేడు విశాఖపట్టణమునందును, హైదరాబాదు ఎర్రగడ్డయందును గల ప్రభుత్వ చికిత్సాలయములకును, ఊరూర వెలసిన ప్రైవేటు గృహములకును ఈ శాసనమే ప్రమాణము. కాని శాసనము గడప దాటి లోనికి వచ్చినను బీరువా తాళము తాను తీయలేదు. అది మనుష్యులు చేయవలసిన పని. ఆ పని కష్టమైనది కాదు. రోగి యెదుటను, అతనివారి యెదుటను మూట విప్పవలయును. వస్తువులను మూడు భాగములు చేయవలయును: రోగి యొద్ద నుండవలసినవి, ఆలయము దాచవలసినవి, ఇంటికి పంపవలసినవి. ఒక్కొక్కదానిని రెండు ప్రతులుగా వ్రాసి చేవ్రాళ్లు తీసికొని, ఒక ప్రతి రోగి కియ్యవలయును. బంగారమని తేల్చి చెప్పలేని చోట పసుపుపచ్చని లోహపు గొలుసని వ్రాయుట ఉభయులకు క్షేమము. తాళముగల అర యొకటి రోగికి కేటాయించవలయును. దాచినదానిని ఎప్పుడు చూడగోరినను చూపవలయును. రోగి వేరు చికిత్సాలయమునకు మారిన మూట వెంట పోవలయును. మరణించిన వారసులను వెదకి అప్పగింపవలయును.

ఇక గృహస్థులమైన మన కర్తవ్యము కొంత కలదు. ఇంటిలో నొకరికి మతి చలించినప్పుడు మనము తరచుగా చేయుపని, ఆలయమున చేర్చి, ఒంటిమీది నగలు ఒలుచుకొని ఇంటికి వచ్చుట. స్త్రీ యైనచో మెట్టెలు, మంగళసూత్రము సైతము తీసికొని వత్తుము. భద్రముకొరకే యందుము, నిజమే కావచ్చును. కాని ఆమె తిరిగి వచ్చునాటికి ఆ సొమ్ములు ఏ పెట్టెలో నున్నవో, ఎవరి మెడలో నున్నవో చెప్పగల ఇండ్లెన్ని? ఆమె చీరలు పంచిపెట్టి, ఆమె గది వేరొకరి కిచ్చి, ఆమె పేరు శుభలేఖలనుండి తొలగించు కుటుంబములు లేవా? విలర్డు అటక ఒక్క అమెరికాలోనే లేదు. స్వస్థత పొందియు తీసికొనిపోవువారు లేక చికిత్సాలయములయందే వృద్ధులగువారిని మన దేశమందును చూచుచున్నాము. వారి మూటలు సిద్ధముగానే యుండును. తలుపు తీయవలసిన ఇల్లే యుండదు.

కావున మనవారిని చికిత్సకు పంపునప్పుడు మూట మనమే కట్టుదము. అందు వారికి ప్రియమైన వస్తువు ఒక్కటియైన నుంచి, జాబితా వ్రాయించి, రసీదు అడిగి తీసికొందము. వారి నగలు ఇంట దాచినచో అవి వారివేయని నలుగురి యెదుట చెప్పి, వారు వచ్చిననాడు వారి చేతికే యిత్తము. మరల చూడబోయినప్పుడు పండ్లతోబాటు ఉతికిన చీర యొకటి తీసికొని పోదము. ఆ చీరను కట్టుకొన్న రోగి తన్నింకను ఇంటివారు లెక్కలో నుంచుకొన్నారని తెలిసికొనును. అటకమీది పెట్టెలు 400 మంది తరఫున ఇంతకాలమునకు చెప్పిన సాక్ష్యము ఇదియే: వారు తిరిగి పోవుటకే సామాను సర్దుకొని వచ్చిరి.